గుంతకల్లు బ్రెయిత్‌వెయిట్

మా మేట్రనమ్మ పోయిందన్న వార్త నాకు వాట్సాప్‌లో వచ్చింది. శుక్రవారం పొద్దున, ఇక్కడి తెలుగు సంఘం గ్రూపులో, ఎవరికో కొడుకు పుట్టాడన్న అభినందనలకూ ఒక బిర్యానీ హోటలు ప్రకటనకూ మధ్య. ఆమె ఫొటో, దాని కింద వెలుగుతున్న కొవ్వొత్తి, పక్కన ఇంగ్లండు జెండా. ‘మన తెలుగువారిని ఎంతగానో ప్రేమించిన బ్రిటిష్ మహిళ ఇక లేరు’ అని రాశారు. ఆ వాక్యం కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి.

చేతిలో టీ గ్లాసు ఉంది. తాగలేదు. ముందు ఏడుపు రావాలి, కోపం వచ్చింది. నా వయసులో ఏడుపు కన్నా కోపమే తొందరగా వస్తుంది. అందుకు ఎవరికీ క్షమాపణ చెప్పుకోను.

బ్రిటిష్ మహిళ! ఆమె గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టింది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ లేకపోతే ఆమెకు సెలవురోజు సెలవురోజులా ఉండేది కాదు. ఇంగ్లండులో జీవితంలో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. కాకపోతే ఇంటిపేరు బ్రెయిత్‌వెయిట్. ఆ ఒక్క పేరు చూసి తెలుగువాళ్ళు ఆమెను ఇంగ్లండుకు తోసేశారు. ఆమె ముఖం, ఊరు, కాగితాలు చూసి ఇంగ్లండువాళ్ళు తిరిగి గుంతకల్లుకు తోసేశారు. ఆ పేరు తనదేనని, తన ఊరిదేనని ఆమె బతికినన్నాళ్ళూ పోట్లాడింది. పోట్లాట తేలకుండానే పోయింది. మిగతాది నేను చూసుకుంటాను. చదివి నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకోవచ్చు.

నేను సౌదీలో, అల్ ఖోబర్‌లో ఒక ఆసుపత్రి రికార్డు గదిలో గుమాస్తాని. డెబ్బై దాటిన నాకు ఇంకా ఇకామా, అంటే ఇక్కడ ఉండేందుకు అనుమతి కార్డు, రెన్యూ చేస్తున్నారంటే అది నా మీద ప్రేమ కాదు. పాత ఫైలు ఏ బీరువాలో ఉందో కంప్యూటర్‌కు తెలియదు, నాకు తెలుసు. అంతే. ఇంటికి వెళ్ళి చేసేదీ ఏమీ లేదు కాబట్టి నేనూ ఉండిపోయాను. అజీజియాలో నా గది నిండా పుస్తకాలే. వాటిని చదివినవాడిగా నాకు నేను గొప్పగా కనపడుతున్న రోజుల్లోనే మేట్రనమ్మ మొదటిసారి రికార్డు గదికి వచ్చింది. ఏదో పేషెంటు ఫైలు కావాలని తెలుగులో అడిగింది. ఛాతీ మీద పేరు బిళ్ళ చూశాను. తెలుగువాడు ఇంకో తెలుగువాణ్ణి చూడగానే చేసే పనే నేనూ చేశాను.

“మీ అసలు ఇంటిపేరేమిటండీ?”

“ఈడ రాసింది గదప్పా. కండ్లు కనపడవా?”

“అది కాదండీ. మీ అమ్మగారి వైపు... అసలు మీవాళ్ళు ఏమిటని?”

ఆమె బల్ల మీద రెండు చేతులూ ఆనించి నన్ను పరిశీలనగా చూసింది. “ఓహో. నా కులం గావల్నా నీకు? ముందు పేషెంటు ఫైలు దీయి. దాన్లో ఆ ఒగటి రాయరు సూడు. ఈ దేశంలో జేసిన మంచి పని అది.”

అప్పుడు సిగ్గుపడ్డానని రాస్తే అబద్ధం. కోపం వచ్చింది. సిగ్గు వచ్చేసరికి పదేళ్ళు పట్టింది. మనవాళ్ళు ఇంటిపేరు అడుగుతున్నారంటే అడిగేది ఇంటిపేరు కాదు. ఆ సంగతి నాకు పుస్తకాలేవీ చెప్పలేదు, ఆమె చెప్పింది.

ఆమె వచ్చిన కొత్తలో జరిగిన కథ ఆసుపత్రిలో అందరికీ తెలుసు. అప్పట్లో ఇక్కడ జీతం, ఇల్లు, సెలవు టికెట్టు అన్నీ పాస్‌పోర్టును బట్టే. ఒకే వార్డులో ఒకే పని చేసేవాళ్ళు డ్యూటీ దిగాక రెండు దిక్కులకు వెళ్ళేవాళ్ళు. ఇంగ్లీషు, అమెరికన్ నర్సులు చెట్లున్న విల్లాలకు, మనవాళ్ళూ ఫిలిప్పీన్సువాళ్ళూ గదికి ముగ్గురు చొప్పున క్వార్టర్స్‌కు. ఇళ్ళు కేటాయించే గుమాస్తా చేతిలో కొత్తవాళ్ళ పేర్ల జాబితా మాత్రమే ఉంది. బ్రెయిత్‌వెయిట్ అన్న పేరు చూశాడు, విల్లా రాసేశాడు. ఈమె విమానం దిగి, తాళంచెవి తీసుకుని, అందరికీ ఇలాంటి ఇల్లే కాబోలు అనుకుని పెట్టె తెరిచి చీరలు సర్దుకుంది. వారానికి ఇంగ్లీషు ఆఫీసరు తలుపు తట్టాడు.

“ఏదో పొరపాటు జరిగింది. ఈ పేరు మీకెలా వచ్చింది?” అన్నాడట.

“మీ పేరు మీకెలా వచ్చిందో అలాగే. మా నాన్న ఇచ్చాడు” అందట ఈమె.

సాయంత్రానికి క్వార్టర్స్‌లో మూడో మంచం. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆమె ఒకే మాటతో ముగించేది: “పేరు జూసి బీగంచెవి ఇచ్చిరి, పాసుపోర్టు జూసి గుంజుకొనిరి. నడాన నేను యాడా లేనప్పా.”

చాలామంది సలహా ఇచ్చారు. ఆ ఇంటిపేరు వదిలేసి తండ్రి సొంత పేరు పెట్టుకోమన్నారు. ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎందుకండీ ఈ గొడవ, తీసేస్తే పోలేదా అన్నాను. “నీ ముక్కు దీసి బీరువాలో పెట్టప్పా రైటరూ, దాని పక్కన నా పేరూ పెడ్తా” అంది. అప్పటినుంచి ఆమెకు నేను రైటరునే. మా వైపు రచయితను అంటారనుకుని కొంతకాలం సంతోషించాను. వాళ్ళ వైపు గుమాస్తాను అలా పిలుస్తారట.

ఇంటిపేరు మీద ఆమె పరిశోధనకు కారణం ఇంకో నర్సు. లండన్ నుంచి ఒక ఏడాది పని మీద వచ్చింది. నల్లని మనిషి, బార్బడోస్ దీవి నుంచి లండన్‌కు వలస వెళ్ళిన కుటుంబం. పేరు బిళ్ళ మీద బ్రెయిత్‌వెయిట్. ఇద్దరూ కారిడార్‌లో ఎదురుపడి, ఒకరి ఛాతీ మీది బిళ్ళను ఇంకొకరు చదివి, నవ్వు ఆపుకోలేక గోడకు జారబడ్డారు. “అక్కా అందామా, పిన్నీ అందామా తెలీలే” అని చెప్పేది. ఆ లండన్ నర్సుకు విల్లా ఇచ్చారు, పాస్‌పోర్టు సరైనది కాబట్టి. కానీ ఆ పేరు తమకు ఎలా వచ్చిందో ఆమె మేట్రనమ్మకు చెప్పింది. చెరకు తోటల్లో తన ముత్తాతలను కొనుక్కున్నవాడి పేరు అది. పశువులకు ముద్ర వేసినట్టు మనుషులకూ వేశాడు.

ఆ తరవాత మేట్రనమ్మ ఊరుకోలేదు. సెలవు రోజుల్లో నా గదికి వచ్చి, నా నిఘంటువులన్నీ కింద పరుచుకుని కూర్చునేది. ఉత్తరాలు నేను టైపు చేసేవాణ్ణి. పంక్తి పంక్తికీ తగాదా పడేవాళ్ళం. ఆ పేరులో మొదటి ముక్కకు వెడల్పు అని అర్థం, రెండో ముక్కకు అడవి కొట్టి చదును చేసిన నేల అని. మన వైపు పోడు అంటామే, అది. ఇంగ్లండు ఉత్తరాన కొండలూ వానా ఉండే కంబర్లండ్, వెస్ట్‌మోర్లండ్, యార్క్‌షైర్ ప్రాంతాల్లో ఈ పేరుతో పల్లెలున్నాయి. ఆ పల్లెల నుంచి బయటికి వచ్చినవాళ్ళకు ఊరి పేరే ఇంటిపేరైంది. మన ఇంటిపేర్లలో సగం అలా వచ్చినవే కదా. అయితే ఆ మాటలు అసలు ఇంగ్లీషువి కావు. సముద్రం దాటి ఉత్తరం నుంచి పడవల్లో వచ్చి ఆ కొండల్లో స్థిరపడ్డవాళ్ళ భాషవి. ఈ సంగతి పుస్తకంలో చదివి వినిపించినప్పుడు ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

“అంటే ఆ పేరు గూడా ఇంగ్లండుకి ఇకామా మీదనే వచ్చిందన్నమాట! మళ్ళ చదువప్పా, మళ్ళొకసారి చదువు.”

మళ్ళీ చదివాను. ఆ పేరు కొండలు దిగి నూలు మిల్లుల ఊళ్ళకు వెళ్ళింది. ఓడలెక్కి బార్బడోస్‌కు, గయానాకు, కెనడాకు, ఆస్ట్రేలియాకు వెళ్ళింది. రైలింజన్లతోపాటు గుత్తికీ వచ్చింది. గుత్తి షెడ్డులో ఇంజను తోలిన వెస్ట్‌మోర్లండ్ మనిషి ఒకడు, అక్కడ బొగ్గు ఏరుకునే తిమ్మక్క అనే ఆమెతో కాపురం చేశాడు. పిల్లలు పుట్టారు. మేట్రనమ్మ వాళ్ళ సంతతే. చర్చి పుస్తకంలో పిల్లల పేర్లున్నాయి, తండ్రి పేరుంది. తల్లి పేరు ఉండాల్సిన చోట ‘స్థానిక స్త్రీ’ అని ఉంది. తిమ్మక్క పేరు ఆ ఇంట్లో నోటి మాటగా మాత్రమే మిగిలింది. గుంతకల్లు కాలనీలో మిగతా ఇంగ్లీషు పేర్లవాళ్ళందరూ ఒకరి తరవాత ఒకరు ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయారు. మేట్రనమ్మవాళ్ళు వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, “మా నాయన టికెట్టు దెచ్చుకుంటానంటే మా జేజి పొయ్యి కాడ కూచ్చోని లెయ్యలే. ఆయమ్మ లెయ్యందే ఎవరు పోతారు?” అని చెప్పింది. వాళ్ళ వైపు నాయనమ్మను జేజి అంటారు.

ఇంగ్లండులో ఆ ఇంటిపేరు మీదే పరిశోధన చేసే చిన్న సంఘం ఒకటుంది. వాళ్ళ దగ్గర ఒక ప్రపంచ పటం ఉంది. ఆ పేరున్న కుటుంబాలు నేడు ఎక్కడెక్కడ ఉన్నాయో చుక్కలు పెడతారు. రుజువైనవాళ్ళకు నల్లచుక్క. ఏదో సంబంధం ఉండొచ్చు గాని రుజువు లేదు అనుకున్నవాళ్ళకు బూడిదరంగు చుక్క. మన దేశం మీద ఒక్క చుక్కా లేదు. గుంతకల్లు మీద చుక్క పెట్టమని మేట్రనమ్మ రాసింది. కాగితాలు పంపమన్నారు. పంపింది. తిమ్మక్క పెళ్ళి పత్రం పంపమన్నారు. ఇరవై ఏళ్ళ పాటు ఇదే. మధ్యలో కార్యదర్శులు మారారు, పెళ్ళి పత్రం మారలేదు.

పోయినేడు ఇప్పటి కార్యదర్శి వీడియోలో మాట్లాడతానన్నాడు. ఆయన ఇంటిపేరూ అదే. మర్యాదస్థుడు, వెనక గోడ మీద కుక్క బొమ్మ. రికార్డు గదిలో నా కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఆయనతో ఆమె ఇంగ్లీషులోనే మాట్లాడింది, మా ఆసుపత్రి పెద్ద డాక్టర్లతో మాట్లాడే ఇంగ్లీషు.

“మేడమ్, మా కమిటీ మీ విషయంలో చాలా సానుకూలంగా ఉంది. బూడిదరంగు చుక్క ఇవ్వడానికి అంగీకరించింది.”

“బార్బడోస్‌లో నల్లచుక్కలున్నాయి. వాళ్ళ పెళ్ళి పత్రాలు చూశారా?”

“అక్కడ తోటల రిజిస్టర్లున్నాయి మేడమ్. ఎవరి దగ్గర ఎవరున్నారో యజమానులు జాగ్రత్తగా రాసిపెట్టారు.”

“అంటే కొనుక్కుంటే రుజువు. కాపురం చేస్తే రుజువు కాదు.”

ఆయన కాసేపు కాగితాలు సర్దుకున్నాడు. “దయచేసి దీన్ని వ్యక్తిగతంగా తీసుకోకండి.”

“ఇంటిపేరును ఇంకెలా తీసుకోమంటారు?” అని, నా వైపు తిరిగి తెలుగులో, “ఆయప్పకి నీళ్ళు తాగమని చెప్పప్పా, గొంతు ఎండిపోతాండాది” అంది. మళ్ళీ తెర వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది: “బూడిద చుక్క నాకొద్దు. పెడితే నల్లది పెట్టండి, లేదా ఖాళీగా వదిలేయండి. ఖాళీ చూస్తే ఎవరైనా ఎందుకని అడుగుతారు. బూడిద చూస్తే అడగరు.”

ఆయన వెళ్ళిపోయాక ఆమె చర్చి కాగితం నకలు తీసి, ‘స్థానిక స్త్రీ’ అన్న మాటను వేలితో చెరిపినట్టు రుద్దుతూ కూర్చుంది. ఆ విషయం ఆమెకు పంతం మాత్రమే అని అనుకుంటూ వచ్చిన నేను ఎంత మూర్ఖుణ్ణో అప్పుడు తెలిసింది. తిమ్మక్కను ఎవరో ఉంచుకున్న మనిషిగా కాక ఇంటి కోడలిగా ఎవరో ఒకరు రాయాలి. ఆమె అడిగింది అదొక్కటే.

ఇక మన తెలుగు సంఘం గొప్పతనం. ఒక ఉగాదికి ఆమెను వేదిక మీదికి పిలిచారు. అధ్యక్షుడు మైకులో, “ఆంగ్ల వనిత అయ్యుండి కూడా మన భాష నేర్చుకుని...” అని ఎత్తుకున్నాడు. ఈమె లేచి మైకు లాక్కుంది. “నేర్సుకునేదేందప్పా! నీకు నోట్లో పండ్లు రాకముందు నుంచి మాట్లాడ్తాండా. మా అమ్మ తిట్టిన తిట్లు ఇప్పుడు జెప్తే ఈడుండే ఆడోళ్ళంతా లేసి పోతారు. జెప్పల్నా?” హాలంతా నవ్వింది. వెనక నిలబడ్డ డ్రైవర్లు ఈలలు వేశారు. అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. ఆ ఏటి నుంచి ఆమెకు ఆహ్వానం రాలేదు. అదే అధ్యక్షుడు ఇప్పుడు ఇంగ్లండు జెండా పెట్టి నివాళి రాశాడు. ఫోన్ చేసి అడిగాను.

“సార్, మీరు మరీ సెన్సిటివ్ అవుతున్నారు. సర్‌నేమ్ బ్రిటిష్ కదా, రెస్పెక్ట్‌గా ఉంటుందని డిజైన్ చేయించాం.”

“ఆవిడది గుంతకల్లయ్యా.”

“ఓకే సార్, గుంతకల్లే. కానీ ఒరిజిన్ అక్కడే కదా.”

ఫోన్ పెట్టేశాను. పెట్టేసి, గ్రూపులో గొంతుతో ఒక సందేశం పంపాను. నాలుగు నిమిషాలు తిట్టాను. ఆమె ఎవరో, ఎవరి మనవరాలో, గుత్తి షెడ్డు సంగతి, తిమ్మక్క సంగతి, అన్నీ చెప్పాను. జెండా తీయకపోతే నేనే వచ్చి తీస్తానన్నాను. వయసు మళ్ళిన మనిషి ఇలా మాట్లాడకూడదని ఇద్దరు ముగ్గురు రాశారు. ఎలా మాట్లాడాలో రాసినవాళ్ళెవరూ ఆమె శవపేటిక కాగితాల కోసం నాతో ఎంబసీకి రాలేదు.

ఆమెను దమ్మామ్ నుంచి బెంగళూరుకు, అక్కడి నుంచి రోడ్డు మీద గుంతకల్లుకు పంపించాం. తండ్రి పక్కన పడుకోబెట్టామని ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ వారంలోనే ఇంగ్లండు కార్యదర్శి ఉత్తరం వచ్చింది. ప్రగాఢ సంతాపం. ఆమె జ్ఞాపకార్థం గుంతకల్లు మీద బూడిదరంగు చుక్క పెట్టాలని కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించిందట. ఆమె నోటు పుస్తకాలను వాళ్ళ భాండాగారానికి పంపితే సంతోషిస్తారట. బతికున్నప్పుడు వద్దన్నదాన్ని చచ్చాక మర్యాదగా నోట్లో పెట్టడం అంటే ఇదే. తమ్ముణ్ణి అడిగాను.

“నీ ఇష్టమన్నా” అన్నాడు. “మా యక్క ఏమనేదో నీకే బాగ దెల్సు.”

ఆ ఉత్తరానికి జవాబు రాద్దామని కూర్చున్నప్పుడే నా ఫోన్‌కు తెలియని నంబర్ల నుంచి మాటలు రావడం మొదలైంది. నా తిట్ల సందేశాన్ని ఎవరో ఎవరికో పంపారు. అది డ్రైవర్ల గ్రూపులకు, అక్కడి నుంచి ఊళ్ళకు చేరింది.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు జబ్బు చేసి ఆసుపత్రికి వస్తే, యజమానురాలు పక్కనే నిలబడి ఒక సూది వేసి పంపమనేది. మేట్రనమ్మ ఒక చీటీ రాయించేది. ‘ఏడు రోజులు పూర్తి విశ్రాంతి’ అని. సూడాన్ డాక్టరు సంతకం చేసేవాడు, కింద ఆమె పేరు ముద్ర. యజమానురాలు గొణిగితే ఆమె అరబ్బీలో ఒకటే అడిగేది: “జ్వరం ఈమెకా, నీకా?” ఆ చీటీ ముద్ర మీద పేరు చదివించుకుని ఆ ఆడవాళ్ళు ఆమెను బ్రైతమ్మ అన్నారు. రాజోలు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకామెకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. చేర్చుకునే కాగితం మీద సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఇంటిపేరు రాయాలి. నేనే రాసుకుంటున్నాను.

“మాకెక్కడి ఇంటిపేరండీ, కద్దామాలం” అందామె.

“కద్దామా అంటే పనిమనిషని. అది పనమ్మా, పేరుగాదు” అంది మేట్రనమ్మ. “మీ నాయన ఊర్లో ఏమని చెప్పుకునేటోడు?”

ఆమె తడుముకుంటూ చెప్పింది. కలం పట్టుకున్న నేను అలవాటుగా ఆ పేరును బట్టి ఏదో ఊహించబోయాను. మేట్రనమ్మ నా ముఖం చూసి, “రాయప్పా, ఊరికే రాయి” అంది. పదిహేను రోజులు ఆ మనిషిని మంచం దిగనివ్వలేదు.

ఇప్పుడు మొదటి సందేశం ఆ రాజోలు ఆమెదే. ఆ మరుసటి ఏడే ఊరికి వెళ్ళిపోయిందట. “ఆయ్, నమస్కారవండీ. బ్రైతమ్మగారు పోయారని ఇన్నానండీ. అన్నం సయించట్లేదండీ. మా పెద్దదానికి ఆవిడ పేరే ఎట్టుకున్నావండీ. బళ్ళో పూర్తిపేరు రాయించావండీ, బ్రెయిత్‌వెయిట్ అని. మేష్టారు నవ్వారండీ, అయినా రాయించావండీ.”

ఆ తరవాత రాయచోటి నుంచి ఒకామె. కదిరి నుంచి ఒకామె. దమ్మామ్ అవతల పొలాల మీద భర్తతో ఉండి వెనక్కి వెళ్ళిపోయిన నెల్లూరు వైపు మనిషి. దమ్మామ్‌లో ఒక ఇంట్లో పనిచేసి వెళ్ళిన పులివెందుల మనిషి, ఆమెకు కూతుళ్ళు లేరు, మనవరాలికి పెట్టింది. ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు మొత్తం పదకొండు మంది. ఆనకట్ట కట్టిన దొర పేరు పిల్లలకు పెట్టుకున్న గోదావరి జిల్లాలు మావి. మేలు చేసినవాళ్ళ పేరు పురిటింట్లోకి తెచ్చుకోవడం మనవాళ్ళకు కొత్త కాదు. అది తెలిసి కూడా నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆమెకూ తెలియదు. ఇరవై ఏళ్ళు పటం మీద ఒక్క చుక్క కోసం పోట్లాడిన మనిషికి, చుక్కలు తన వెనకే పడుతున్నాయని ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లండుకు రాశాను. బూడిద చుక్క వద్దు, నోటు పుస్తకాలు రావు, అవి గుంతకల్లుకు వెళ్తాయి అని రాశాను. కింద పదకొండు ఊళ్ళ పేర్లు రాసి, ఈ పేరున్నవాళ్ళు ఇప్పుడు ఇక్కడ బతికి ఉన్నారు, మీ పటంలో చేర్చండి అన్నాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. చాలా హృద్యంగా ఉందట. అయితే అవి పెట్టుకున్న పేర్లే గాని ఇంటిపేర్లు కావట. రక్తసంబంధం లేనిదే పరిగణించలేరట.

తిరిగి రాశాను. ఆ ఉత్తరం ఇక్కడ పూర్తిగా ఇవ్వను, చివరి పంక్తులు మాత్రం ఇస్తాను: ‘అయ్యా, బార్బడోస్‌లో మీ నల్లచుక్కలన్నీ రక్తసంబంధమేనా? కొరడా పట్టుకున్నవాడు తన పేరు ఇస్తే మీరు లెక్కలోకి తీసుకున్నారు. ఎవరూ అడక్కుండా, ఎవరూ బలవంతం చేయకుండా, ఒక తల్లి జ్వరం తగ్గి ఇంటికి వెళ్ళి ఆ పేరు తన బిడ్డకు పెట్టుకుంటే తీసుకోలేకపోతున్నారు. మీ పటం మీ దగ్గరే ఉంచుకోండి. ఆ పేరు మీ చేతుల్లోంచి ఎప్పుడో వెళ్ళిపోయింది.’

దానికి జవాబు రాలేదు. రాకపోయినా ఫరవాలేదు. నోటు పుస్తకాలు గుంతకల్లుకు పంపించాను. వాటి పైన ఒక కాగితం పెట్టి, పదకొండు మంది ఆడవాళ్ళ పేర్లు, ఇంటిపేర్లతో సహా, నా చేత్తో రాశాను. అన్నిటికన్నా ముందు తిమ్మక్క పేరు రాశాను. ఆమెకు ఇంటిపేరుగా బ్రెయిత్‌వెయిట్ అని రాశాను. పత్రం ఎవరు అడిగినా నన్ను అడగమని సంతకం పెట్టాను. నా జీవితంలో చాలా కాగితాల మీద సంతకం చేశాను. వాటిలో ఎన్ని నిజాలో నాకు తెలుసు. ఇది నిజం.

నిన్న మధ్యాహ్నం రాజోలు ఆమెకు వీడియో కాల్ చేశాను. ఆ పిల్లను ఒకసారి చూడాలనిపించింది. పెద్దది నర్సింగు చదువుతోందట, సెలవులకు వచ్చిందట.

“కాలవకాడుందండీ, గేదెను కడుగుతంది. పిలత్తానుండండి” అని ఫోన్ పట్టుకునే నడిచింది. తెరలో కొబ్బరి చెట్లు, ఎండ, ఆమె చెప్పుల చప్పుడు. గట్టు మీద ఆగి, గొంతెత్తి, ఏనాడో ఎక్కడి కొండల్లోనో పుట్టిన ఆ పేరును పిలిచింది.

“ఒసేయ్ బ్రైతూ! ఖోబర్ నుంచి తాతగారే! రావే!”

మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉన్న అమ్మాయి నడుం నిటారుగా చేసింది. ఆమెతోపాటు గేదె కూడా తల తిప్పింది. అమ్మాయి తడిచేయి నొసట అడ్డం పెట్టుకుని, పిలుస్తున్నది ఎవరా అని, ఎండలోంచి నా వైపు చూసింది.